ఆఫీసులో సొంత సంగతులు అడిగితే మర్యాద చెడకుండా జవాబు చెప్పడం ఎలా?

కొత్త ఉద్యోగంలో చేరిన వారంలోపే ప్రశ్నలు మొదలవుతాయి. “ఏ ఊరు?”, “ఇంటి పేరేంది?”, “పెండ్లైందా?”, “పిల్లలెందరు?”, “సొంతిల్లా, కిరాయా?”, “చేతికెంతొస్తది?” హన్మకొండలో ప్రైవేటు కాలేజీ స్టాఫ్‌రూమ్ అయినా, మడికొండ ఐటీ పార్కు అయినా, జగిత్యాలలో బ్యాంకు కౌంటర్ అయినా ప్రశ్నలు ఇవే. అడిగేవాళ్లలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు. మన దిక్కు పలకరింపు అంటేనే ఇంటి సంగతులు అడగడం. అందుకే “మీకెందుకు?” అని ముఖం మీద అంటే ఎదుటి మనిషి నొచ్చుకుంటాడు, మీకు గర్వమనే పేరు పడుతుంది. నవ్వి ఊరుకుంటే అదే ప్రశ్న రేపు మళ్లీ వస్తుంది. చేయాల్సింది ఏమిటంటే, పలకరింపుకు నిండుగా జవాబివ్వాలి. ప్రశ్నకు మాత్రం మీకు ఇష్టమైనంతే ఇవ్వాలి. అది అలవాటయ్యేదాకా కొంచెం తయారీ కావాలి.

1. ఏది చెప్పాలో ఇంట్లోనే తేల్చుకోండి

అడిగినప్పుడు ఆలోచిస్తే తడబడతాం. తడబాటు కనబడగానే అక్కడేదో ఉందని ఎదుటివాళ్లకు అనిపిస్తుంది, ఇంకో ప్రశ్న వేస్తారు. ఒక కాగితం మీద మూడు వరుసలు గీసుకోండి. ఎవరికైనా చెప్పేవి ఒకటి: ఊరు, చదువు, ఇంతకుముందు చేసిన పని. దగ్గరివాళ్లకే చెప్పేవి రెండోది: పెండ్లి, పిల్లలు, ఇల్లు. ఆఫీసులో ఎవరికీ చెప్పనివి మూడోది: అప్పులు, జబ్బులు, ఇంట్లో తగాదాలు, కులం. ఎవరి కాగితం వాళ్లది; పెండ్లి సంగతి కొందరికి మొదటి వరుసలో ఉంటుంది, కొందరికి మూడో వరుసలో.

మూడో వరుసలో ఉన్న ప్రతిదానికీ ఒక్కొక్క వాక్యం రాసి, నాలుగైదు సార్లు పైకి అనండి. రాసుకున్నది పుస్తకాల భాషలో ఉంటుంది, నోటితో అన్నాకే మీ మాటలోకి దిగుతుంది. “నేను ఆ విషయం వెల్లడించదలచుకోలేదు” అని స్టాఫ్‌రూమ్‌లో అంటే అందరూ తలెత్తి చూస్తారు. “అది ఉండనియ్యి అక్కా” అంటే ఎవరూ చూడరు.

ఒక్కటి గట్టిగా పెట్టుకోండి: చెప్పకపోవచ్చు గానీ అబద్ధం ఆడవద్దు. వరంగల్ ఎంత పెరిగినా చుట్టరికాలకు చిన్న ఊరే. కాజీపేటలో రైలెక్కితే పక్క సీటు మనిషి మీ పెద్దనాయన కోడలికి అన్న అవుతాడు. పెండ్లి కాలేదని అబద్ధం చెప్పి దొరికిపోతే, తర్వాత మీరు పని గురించి చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

2. ప్రశ్న ఫారం కోసమా, ఊరికేనా?

అన్ని సొంత ప్రశ్నలూ ఆరాలు కావు. పీఎఫ్ నామినేషన్‌కు కుటుంబ సభ్యుల పేర్లు కావాలి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తించేవాళ్లు కుటుంబం వివరాలు ఇవ్వాలి. గ్రాట్యుటీకి కూడా నామినేషన్ ఫారం ఉంటుంది. గ్రూప్ ఇన్సూరెన్స్‌లో భార్య లేక భర్త, పిల్లల పుట్టిన తేదీలు అడుగుతారు. రిజర్వేషన్ పోస్టులో చేరేవాళ్లు కుల ధ్రువపత్రం ఇవ్వక తప్పదు. వీటిలో దాపరికం పనికిరాదు. రేపు క్లెయిమ్ దగ్గర ఇంటివాళ్లే ఇబ్బంది పడతారు. పెండ్లయ్యాక పీఎఫ్ నామినేషన్ కొత్తగా చేయాలన్న సంగతి చాలామంది మరిచిపోతారు, అది కూడా చూసుకోండి.

తేడా కనిపెట్టడానికి ఒక్క మాట చాలు: “ఇది ఏ ఫారంల రాయాలె మేడం? ఇయ్యండి, నేనే రాసిస్త.” ఫారం ఉంటే చేతికి వస్తుంది, మీరు రాసి మడిచి ఇస్తారు, హాల్లో పదిమంది ముందు నోటితో చెప్పే అవసరం తప్పుతుంది. ఫారం లేకపోతే “ఏం లేదు, ఊరికే అడిగిన” అంటారు, మాట అక్కడే ఆగిపోతుంది. విడాకులు, భర్త చనిపోవడం లాంటివి ఫారంలో రాయాల్సి వచ్చినప్పుడు “ఒక్క నిమిషం లోపల కూర్చొని రాద్దామా మేడం?” అని అడగండి. కాదనేవాళ్లు అరుదు.

3. జవాబును మూడు ముక్కల్లో కట్టండి

మొదట వరస. తర్వాత ఒకే ఒక్క వాక్యం. ఆ వెంటనే మళ్లింపు. మొత్తం రెండు ఊపిర్ల లోపు అయిపోవాలి.

వరస ఎందుకంటే, కాదన్న మాటకు మెత్తదనం అక్కడినుంచే వస్తుంది. “అన్నా”, “అక్కా”, “తమ్మీ”, పెద్దవయసు అటెండరైతే “కాకా”, ఆయమ్మ అయితే “పెద్దమ్మా” అని మొదలుపెట్టండి. పై అధికారికి మాత్రం సార్, మేడం అనే అనాలి. ఆయన ఇంటి సంగతి అడిగాడు కదా అని మీరు “అన్నా” అన్నారంటే ఇంకా చనువు ఇచ్చినట్టే.

వాక్యంలో కారణం పెట్టవద్దు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. “చెల్లె పెండ్లి అయినంక చేసుకుంట” అన్నారనుకోండి. చెల్లె ఏం చదివింది, సంబంధాలు చూస్తున్నారా, కట్నం ఎంత పెడతారు అని ఇంకో మూడు ప్రశ్నలకు మీరే తలుపు తీశారు. పైగా రేపు చెల్లె పెండ్లి అయ్యాక “ఇంక నీదే కదా” అంటారు. కారణం లేని వాక్యానికి పట్టు దొరకదు.

మళ్లింపు ఎదుటివాళ్లు నోరు తెరిచి రెండు ముక్కలు చెప్పాల్సిన ప్రశ్నగా ఉండాలి. అవును, కాదు అంటే సరిపోయే ప్రశ్న వేస్తే, అది అయిపోగానే మళ్లీ మీ దగ్గరికే వస్తారు. “ఎండలు బాగున్నయి కదా” లాంటివి తప్పించుకుంటున్నారని చెప్పకనే చెబుతాయి. చేతిలో ఉన్న పనిని గానీ, ఎదుటివాళ్లకు ఇష్టమైన సంగతిని గానీ పట్టుకోండి.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఇలా ఉంటుంది. నలుగురు డబ్బాలు విప్పారు. పక్కన కూర్చున్న సీనియర్ అడిగింది: “మీ ఆడబిడ్డ మీ దగ్గరనే ఉంటదటగా? ఏమైంది, మొగనితోటి పడతలేదా?”

“ఇంటి ముచ్చట ఇంట్లనే ఉండనియ్యి అక్కా. ఈ పచ్చిపులుసుల నువ్వులు ఏంచి ఏసిన్రా? మా ఇంట్ల ఈ రుచి రాదు, ఎట్ల చేస్తరు?”

అంటున్నప్పుడు డబ్బా వైపు చెయ్యి చాచండి. గొంతు పెంచకండి, వాక్యం చివర దించండి. “సారీ అక్కా” అనవద్దు. చెప్పకపోవడం తప్పు కాదు, క్షమాపణ చెబితే తప్పు చేసినట్టు వినబడుతుంది.

కౌంటర్లో కూర్చునేవాళ్లకు ఇది ఇంకా సులువు, ఎందుకంటే ఎదురుగా లైను ఉంటుంది. “ఎవల బిడ్డవు బిడ్డా? పెండ్లైందా?” అని ఓ పెద్దాయన అడిగితే “ఇక్కడి బిడ్డనే పెద్దయ్యా. పాస్‌బుక్ ఇటియ్యి, పించన్ పడ్డదో లేదో చూద్దాం” అంటే చాలు. ఆయనకు కావలసింది ఆప్యాయత, అది అందింది.

4. ఒక్కొక్క ప్రశ్నకూ దాని తీరు

పెండ్లి ప్రశ్నను అభిమానంతో అడిగేవాళ్లకు “అయిననాడు మొదటి కార్డు మీకే అన్నా” అంటే సంతోషపడతారు. అయితే ఇది ఒక్కసారికే. సంబంధాలు తెచ్చే అలవాటున్న మనిషి దగ్గర ఈ మాట అన్నారంటే మరునాడే ఫొటో, బయోడేటా వస్తాయి. అలాంటి వాళ్లతో “ఆఫీసుల సంబంధాల మాట వద్దన్నా, అది ఇంట్లోళ్లు చూసుకుంటరు” అని మొదటిరోజే తేల్చండి.

పిల్లల ప్రశ్న అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకునేది. “విశేషమేమన్నా ఉందా?” అని తేలిగ్గా అడిగేస్తారు, వినే మనిషి ఏ దవాఖాన చుట్టూ తిరుగుతోందో, ఏం పోగొట్టుకుందో అడిగినవాళ్లకు తెలియదు. పెద్దవాళ్లకు “ఉన్ననాడు మీకు తెల్వకుంట ఉంటదా పెద్దమ్మా” అనవచ్చు. బతుకమ్మ నాడు అందరూ కలిసినప్పుడు ఇదే ప్రశ్న వరసగా అయిదుగురు అడుగుతారు, అయిదుగురికీ అదే మాట, అదే తీరుగా చెప్పండి. జవాబు మారితే వాళ్లు మాట్లాడుకుని పోల్చుకుంటారు.

ఈ విషయంలో మీరు బాధలో ఉంటే జవాబులు వెతుక్కునే భారం మీ మీద వేసుకోకండి. నోరు భద్రమైన ఒక్క సహోద్యోగిని ఎంచుకుని, “అక్కా, పిల్లల ముచ్చట నా దగ్గర తియ్యొద్దని అందరికీ జర నువ్వే చెప్పు, కారణం మాత్రం చెప్పకు” అనండి. మధ్యవర్తి మాట మన దగ్గర బాగా పనిచేస్తుంది. నా లెక్కన ఈ ఒక్క ప్రశ్నకు ఇంతకు మించిన ఉపాయం లేదు.

గర్భం సంగతి సహోద్యోగులకు ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం. సెలవు కోసం యాజమాన్యానికి మాత్రం రాతపూర్వకంగా ఇవ్వాలి. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు వస్తుంది. ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. గర్భస్రావమైతే ఆరు వారాల సెలవు ఉంది. ఆ డాక్టర్ సర్టిఫికెట్ హెచ్‌ఆర్ చేతికి తప్ప టీమ్ లీడర్ వాట్సాప్‌కు పంపకండి.

జీతం. ప్రభుత్వ ఉద్యోగులు దీన్ని దాచుకోవాలని చూడటం వృథా. పీఆర్సీ (వేతన సవరణ సంఘం) స్కేళ్లు అందరికీ తెలుసు, 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం ఉద్యోగుల నెల వేతనాలను కార్యాలయాలే ప్రకటించాలి. వాళ్లు గీత గీయాల్సింది ఆ తర్వాతి ప్రశ్న దగ్గర: ఈఎంఐ ఎంత, మిగిలేదెంత, ప్లాటు ఎక్కడ కొన్నారు. “జీతం అందరికి తెలిసిందే కాకా, ఖర్చులు మాత్రం ఎవలయి వాళ్లకే తెలుసు” అని ఆపేయండి. మిగిలేదెంతో మీ నోటినుంచి వచ్చిన నెలలోపే ఎవరో ఒకరు చేబదులు అడుగుతారు, తీసుకున్నది తిరిగి ఇచ్చేవాళ్లు దొరకడం కష్టం.

ప్రైవేటులో “సరిపోయేంత వస్తది అన్నా, ఇంకా పెంచితే బాగుండు” అంటే చాలు. ఒక మినహాయింపు ఉంది. మీతో సమానమైన పని చేసే మనిషి, తనకు తక్కువ ఇస్తున్నారేమో తెలుసుకోవాలని అడిగితే, నమ్మకం ఉంటే చెప్పుకోవడం ఇద్దరికీ మంచిదే. అప్పుడు కూడా సీటీసీ (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) చెబుతున్నారా, చేతికొచ్చేది చెబుతున్నారా అన్నది ముందు తేల్చుకోండి. ఈ రెండూ కలగలిసి లేని తేడాలు కనబడి స్నేహాలు చెడతాయి.

కులం. ఇది సూటిగా వస్తే “మీరేంట్లు?”, చుట్టూ తిరిగి వస్తే ఇంటి పేరు, ఊర్లో ఏ వాడ, నీసు తింటరా, ఇంట్లో ఏ దేవుణ్ని చేసుకుంటరు. అన్నిటిలోకీ మెత్తగా వచ్చేది “మనోళ్లేనా?” అన్నది. ఊరు చెప్పవచ్చు, వాడ దాకా వస్తే “బస్టాండు దగ్గర్నే” లాంటి ఆనవాలుతో ఆపండి. సూటిగా అడిగితే నవ్వులో కలపకుండా, కోపం లేకుండా చెప్పాల్సిన మాట ఇది: “అన్నా, నేను అది ఎవ్వరినీ అడగను, ఎవ్వరికీ చెప్పను.” రెండు సగాలూ ముఖ్యం. మొదటి సగం లేకపోతే మీరు దాస్తున్నట్టు అనిపిస్తుంది; అది ఉంటే ఇది మీ పద్ధతి అని అర్థమవుతుంది. ఆ మాట మీద నిలబడాలంటే మీరు కూడా కొత్తగా వచ్చినవాళ్ల ఇంటి పేరు గురించి ఇంకొకరితో గుసగుసలాడకూడదు.

“మనోళ్లేనా” అన్నదానికి తల ఊపడం, చిరునవ్వుతో సరిపెట్టడం మంచిది కాదు. అవునని లెక్కేసుకుని మిమ్మల్ని ఒక గుంపులో కలుపుకుంటారు, తర్వాత మీ ముందే ఇంకొకరి కులం గురించి నోరు జారుతారు. “ఇక్కడ అందరం మనోళ్లమే కదా సార్” అని అప్పుడే అనేయండి.

భర్త గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు జగిత్యాల, కోరుట్ల, ఆర్మూరు దిక్కు రోజూ వచ్చే ప్రశ్న “ఎప్పుడొస్తడు? ఇంట్ల ఎవలెవలుంటరు?” ఇందులో మర్యాదతో పాటు మీ భద్రత కూడా ఉంది. ఒంటరిగా ఉంటున్నారని తెలిసే మాట, ఆయన వచ్చే తేదీ, డబ్బు పంపే రోజు కౌంటర్ అవతలివాళ్లకు చెప్పకండి. “అందరం మంచిగున్నం అన్నా. మీ పని చెప్పండి” అని చాలించండి.

జబ్బు. సెలవు చీటీలో “వైద్య కారణాల వల్ల” అని రాసి, అడిగితే సర్టిఫికెట్ జతచేయండి. ఏ ఊరి దవాఖాన, ఏ డాక్టర్, ఏం పరీక్షలు అన్నవి గ్రూపులో రాయకండి. ఆ స్క్రీన్‌షాట్ ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం. తిరిగి వచ్చాక “ఇప్పుడు బాగున్న, అడిగినందుకు సంతోషం” అన్నది చాలు. హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటేనే ఉద్యోగమిస్తామనడాన్ని 2017లో వచ్చిన చట్టం నిషేధించింది.

5. అడిగేది పై అధికారి అయితే, ఇంటర్వ్యూ అయితే

ఇక్కడ మళ్లింపుకు పచ్చిపులుసు పనికిరాదు. ప్రశ్న వెనకాల ఉన్న పని అనుమానాన్ని పట్టుకుని దానికి జవాబివ్వాలి. “పెండ్లి చేసుకుని హైదరాబాద్ పోతవా?” అంటే ఆయన భయం మీరు ఆరు నెలల్లో మానేస్తారని. “సార్, రెండేండ్లు ఇక్కడ్నే పనిచేయాలన్న ఆలోచనతోనే వచ్చిన” అనండి, అది నిజమైతేనే. “చిన్న పిల్లలున్నరా?” అంటే షిఫ్టు గురించి: “సెకండ్ షిఫ్టు చేయగలను సార్, టైమింగ్స్ ఎట్ల ఉంటయి?” పిల్లలు ఉన్నారో లేదో చెప్పనే లేదు, ఆయనకు కావలసింది దొరికింది.

ఇప్పటి జీతం అడిగితే పెంచి చెప్పకండి. ఆఫర్ ఇచ్చే ముందు చాలా కంపెనీలు గత మూడు నెలల పే స్లిప్పులు అడుగుతాయి, అక్కడ బయటపడితే ఆఫరే పోతుంది. “ఈ పనికి నేను ఇంత అనుకుంటున్న సార్, మీ బడ్జెట్ ఎంత దాకా ఉంది?” అని ముందు మీరే అడగండి. మళ్లీ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

6. మళ్లీ మళ్లీ అడిగితే

రెండోసారి అడిగితే అదే వాక్యం, ఒక్క అక్షరం మార్చకుండా. కొత్త వాక్యం వెతికితే గట్టిగా అడిగితే చెబుతారన్న ఆశ పెట్టినవాళ్లవుతారు. మూడోసారి నలుగురిలో జవాబివ్వకండి. టీకి పక్కకు పిలిచి, మనిషిని తప్పుపట్టకుండా ప్రశ్న గురించి మాట్లాడండి: “అన్నా, నువ్వు మంచికే అడుగుతున్నవని నాకెరుక. గని ఆ మాట వస్తే నాకు కష్టమైతది. నా దగ్గర తియ్యకు.” దాంతో నూటికి తొంభై మాట్ల ఆగిపోతుంది. నలుగురిలో అన్నారంటే ఆయన పరువు కోసం వాదనకు దిగుతాడు.

నాలుగోసారి కూడా అడిగితే అది పలకరింపు కాదు. తేదీ, సమయం, అన్న మాట, పక్కన ఎవరున్నారు అన్నవి ఫోన్‌లో అదే రోజు రాసుకుని, హెచ్‌ఆర్‌కు గానీ ప్రిన్సిపాల్‌కు గానీ ఈమెయిల్‌లో పెట్టండి. నోటిమాటగా చెబితే రేపు నేను వినలేదంటారు.

ఒంటి గురించి, పడకగది గురించి, “రాత్రి ఒక్కదానివే ఉంటవా?” లాంటి ప్రశ్నలకు ఈ మెట్లన్నీ ఎక్కాల్సిన పని లేదు. మొదటిసారే “ఇట్లాంటి మాట నాతోటి మాట్లాడొద్దు సార్” అని అక్కడినుంచి లేచి రండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. జరిగిన నాటినుంచి మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణముంటే ఇంకో మూడు నెలలు గడువు ఇవ్వవచ్చు. పది మంది కంటే తక్కువ ఉన్న దుకాణం, క్లినిక్, చిన్న స్కూలు అయినా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఇవ్వాలి. మహిళా హెల్ప్‌లైన్ 181, తెలంగాణ పోలీసుల షీ టీమ్స్ కూడా ఉన్నాయి. కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులకు 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది.

7. మరుసటి రోజు మీరే పలకరించండి

చెప్పను అన్న తర్వాత ఇద్దరి మధ్య కొంచెం ఎడం వస్తుంది. దాన్ని అట్లా వదిలేస్తే వారంలో ముభావంగా మారుతుంది. మర్నాడు పొద్దున మీరే ముందు నమస్తే పెట్టండి, సంక్రాంతి దగ్గర్లో ఉంటే ఇంట్లో చేసిన సకినాలు రెండు ఎక్కువ తెచ్చి ముందు వాళ్లకే ఇవ్వండి, పనిలో ఏదైనా సలహా అడగండి. కాదన్నది ప్రశ్ననే గానీ మనిషిని కాదని వాళ్లకు తెలుస్తుంది.

ఇప్పటికే అన్నీ చెప్పేసి, ఇప్పుడు ఆపాలనుకునేవాళ్లకు పని కొంచెం కష్టం, ఎందుకంటే ఎదుటివాళ్లకు అలవాటైపోయింది. ఒక్కరోజులో ముఖం తిప్పుకుంటే కోపం వచ్చిందనుకుంటారు. ముందు కొత్త వివరాలు ఇవ్వడం ఆపండి. పాత సంగతి తీసి “మొన్న మీ అత్తతోని లొల్లి అన్నవు కదా, ఏమైంది?” అంటే “అది అయిపోయింది అక్కా, ఇంక ఆ ముచ్చట వద్దు” అనండి. నెల రోజులు ఇదే మాట మీద ఉంటే అడగడం తగ్గిపోతుంది. ఒకరికి నమ్మి చెప్పిన మాట ఇంకొకరి దాకా పోయిందని తెలిస్తే, పంచాయితీ పెట్టకుండా చెప్పిన మనిషినే పట్టుకుని “నీకు చెప్పింది నీ దగ్గర్నే ఉండాలె చెల్లె” అని ఒక్కసారి అనండి, ఆ తర్వాత ఆ మనిషిని మీ కాగితం మీద మొదటి వరుసకే పరిమితం చేయండి.